గోడ మీది పటాలు వెలిసిపోకుండా...

మన పల్లెల్లో ఏ ఇంట అడుగుపెట్టినా ముందుగదిలో గోడ మీద నాలుగు పటాలు కనబడతాయి. తాతయ్య, నాయనమ్మ కుర్చీల్లో బిగుసుకొని కూర్చున్న పాత నలుపు తెలుపు ఫోటో ఒకటి. అమ్మానాన్నల పెండ్లి ఫోటో ఒకటి. బాప్తిస్మము పొందిన నాడు చెరువు గట్టున అందరితో కలిసి దిగినది ఒకటి. నల్ల గౌను తొడుక్కొని పట్టా చేతబట్టుకొన్న పిల్లవాడిది ఒకటి. చుట్టాలు వచ్చినప్పుడు మంచినీళ్లిచ్చిన తరువాత మాటలు చాలాసార్లు ఆ గోడ దగ్గరే మొదలవుతాయి. “ఈయన ఎవరు, మీ పెదనాన్నగారా?” అని ఒకరు అడుగుతారు. ఇంటి చరిత్ర అక్కడి నుండి బయటికి వస్తుంది.

ఈసారి ఆ పటాలను కాస్త దగ్గరగా వెళ్లి చూడండి. పెండ్లికూతురి తెల్లచీర పసుపుపచ్చగా మారి ఉంటుంది. పెండ్లికొడుకు నల్లకోటు మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. చేతిలోని పూలగుత్తి ఏ రంగుదో చెప్పలేము. కొన్ని ఫోటోల్లో ముఖం మీది కళ్లు, ముక్కు మాత్రమే మిగిలి, చెంపలు వెనుకనున్న తెరలో కలిసిపోయి ఉంటాయి. “పాతది కదా, అంతే” అని మనం సరిపెట్టుకొంటాము. కాని దానికి వయసు ఒక్కటే కారణం కాదు. అదే రోజు తీసి, అదే స్టూడియోలో కడిగిన మరొక ప్రతి బీరువాలోని ఆల్బములో ఉంటే, దానిని తీసి పక్కన పెట్టి చూడండి. తేడా తెలుస్తుంది.

పెండ్లి ఫోటో పోతే ఆల్బములో ఇంకొకటి ఉండవచ్చు. కాని మన పెద్దల్లో ఎందరికో జీవితమంతటికీ ఒకటి రెండు ఫోటోలే ఉన్నాయి. పింఛను కాగితాలకనో, రేషను కార్డుకనో తీయించిన చిన్న ఫోటోను, వారు కన్నుమూసిన తరువాత పెద్దది చేయించి గోడకు తగిలించాము. ఆ ఒక్కటీ వెలిసిపోతే ఆ ముఖాన్ని చూడడానికి మరొక చోటు లేదు. పుట్టబోయే మనుమలకు ఆమె పేరు తెలుస్తుంది గాని ముఖం తెలియదు. వెలిసిపోయిన రంగు తిరిగి రాదు. కాని వెలియడాన్ని చాలావరకు ఆపగలము. అందుకు పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు.

వెలుగే గీస్తుంది, వెలుగే చెరుపుతుంది

ఫోటోను పుట్టించేది వెలుగే, దానికి శత్రువు కూడా వెలుగే. ఈ సంగతి ఫోటోగ్రఫీ పుట్టినప్పటి నుండి మనుష్యులకు తెలుసు. 1802లో ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన వెండి లవణం పూసిన కాగితం మీద ఆకులను పెట్టి ఎండలో ఉంచి వాటి రూపాలను తెప్పించాడు. రూపం వచ్చింది గాని నిలువలేదు. చూడడానికి వెలుతురులోకి తెచ్చేసరికి మిగిలిన కాగితం కూడా నల్లబడిపోయేది. కనుక వాటిని చీకట్లో దాచి, దీపపు సన్నని వెలుతురులో మాత్రమే చూసేవారు. 1839లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు చూపిన మందుతో ఆ చిక్కు తీరింది. మిగిలిపోయిన వెండి లవణాన్ని కరిగించి కడిగివేసే ఆ మందే మన స్టూడియోవారు “హైపో” అని పిలిచినది.

హైపోలో ముంచి, మంచినీళ్లలో బాగా కడిగిన నలుపు తెలుపు ఫోటో ఎంత కాలం నిలుస్తుందో మన హైదరాబాదే సాక్ష్యం. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫోటోగ్రాఫరుగా పనిచేసి, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. ఆయన తీసిన గాజు పలకల నెగెటివులు రెండు వేలకు పైగా నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నూరేళ్లు దాటిన ఆ పలకల మీద మనుష్యుల ముఖాలు ఇప్పటికీ గుర్తుపట్టేటట్లు ఉన్నాయి. మరి మన ఇంటి పెండ్లి ఫోటో ఇరవై యేండ్లకే ఎందుకు పాలిపోతున్నది?

నలుపు తెలుపు వేరు, రంగుల ఫోటో వేరు

పాత నలుపు తెలుపు ఫోటోలో నలుపుగా కనిపించేది నిజానికి వెండి. కంటికి కనబడనంత సన్నని వెండి రేణువులు జెలటిన్ అనే జిగురు పొరలో చిక్కుకొని ఉంటాయి. వెండి ఒక లోహం కనుక ఎండ దానిని అంత సులువుగా చెరపలేదు. దానికి హాని చేసేవి వేరు. సరిగా కడగక మిగిలిపోయిన హైపో, తేమ, పొగ దాని మీద పనిచేస్తాయి. అందువలననే పాత ఫోటోలు గోధుమరంగుకు తిరగడం, అంచుల్లో అద్దం మెరుపులాంటి పూత రావడం చూస్తుంటాము. అయితే వెనుకటి స్టూడియోవారు కుంచెతో చీరకు, బుగ్గలకు రంగులు అద్దిన ఫోటోలు కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వాటిలో వెండి నిలిచినా పైన అద్దిన రంగు ఎండకు పోతుంది.

రంగుల ఫోటో సంగతి వేరు. కడిగే పనిలో వెండి అంతా తొలగిపోతుంది. మిగిలేవి మూడు పొరల్లో ఉన్న మూడు అద్దకపు రంగులు. ఒకటి పసుపు, ఒకటి గులాబీ ఎరుపు, ఒకటి ఆకాశనీలం. ఈ మూడూ కలిసే మన కంటికి అన్ని రంగులూ చూపుతాయి. చీరకు అద్దిన రంగు ఎండలో ఆరవేస్తే ఎలా పోతుందో ఇవీ అలాగే పోతాయి. పైగా మూడూ సమానంగా పోవు. ఏది ముందుగా పోతే మిగిలిన రెండింటి వైపుకు ఫోటో తిరుగుతుంది. 1970లు, 80లలోని ఫోటో ఆల్బములో చీకట్లో ఉండి కూడా ఎర్రబడితే, దానిలో నీలం ముందుగా పోయిందన్న మాట. గోడ మీద వెలుతురులో ఉన్నవాటిలో గులాబీ రంగు ముందుగా పోవడం ఎక్కువ. అప్పుడు ముఖాలు పచ్చగానో, నీలంగానో పాలిపోతాయి.

దీనిని చూడడానికి దూరం పోనక్కరలేదు. మీ ఊరి మంగలి దుకాణంలో ఎండ తగిలే చోట అంటించిన సినిమా తారల పోస్టరును చూడండి. ఎరుపు, పసుపు సిరాలు ఎగిరిపోయి, తార ముఖం నీలంగా మిగిలి ఉంటుంది. పోస్టరు ముద్రణ వేరు, ఫోటో వేరు. కాని ఎండ చేసే పని ఒక్కటే. 1990ల నుండి వచ్చిన ఫోటో కాగితాల రంగులు మునుపటి వాటికంటే గట్టివే. అయినా ఎండకు తట్టుకొని నిలిచే రంగు ఫోటో ఏదీ లేదు.

వెలుతురుకు లెక్క ఉన్నది

వెలుతురు చేసే హాని కూడబెట్టిన అప్పు వంటిది. ఈ రోజు కొంత, రేపు కొంత చేరుతూనే ఉంటుంది గాని తీరదు. రాత్రి చీకటి పడినంత మాత్రాన పగలు పోయిన రంగు తిరిగి రాదు. ఎంత వెలుతురు పడింది, ఎన్ని గంటలు పడింది అనే రెంటినీ గుణిస్తే వచ్చేదే మొత్తం హాని.

వెలుతురును లక్సు అనే కొలతతో కొలుస్తారు. నడినెత్తిన ఎండ సుమారు 1,00,000 లక్సులు. ఇంటి లోపలి గోడ మీద, కిటికీకి దూరంగా, పగటివేళ 100 లక్సులు ఉంటాయనుకొందాము. రోజుకు 10 గంటల చొప్పున లెక్కవేస్తే ఆ గోడ మీది పటానికి రోజుకు 1,000 లక్సు గంటలు పడతాయి. ఇప్పుడు మరొక పటం వాకిటికి ఎదురుగా ఉన్నది. పొద్దున ఒక్క గంట నేరుగా ఎండ దాని మీద పడుతుంది. ఆ ఎండ 50,000 లక్సులైనా, ఒక్క గంటలోనే 50,000 లక్సు గంటలు. అనగా లోపలి గోడ మీద 50 రోజుల్లో పడే వెలుతురు ఈ పటం మీద ఒక్క పొద్దుటిలో పడుతున్నది. మ్యూజియముల్లో నాజూకైన కాగితపు బొమ్మలకు 50 లక్సులకు మించి వెలుతురు పడనీయరు. అంత జాగ్రత్త మన ఇళ్లలో కుదరదు. ఆ ఒక్క గంట ఎండను తప్పించడం మాత్రం కుదురుతుంది.

ఎండలో అతినీలలోహిత కిరణాలు అనేవి ఉన్నాయి. ఇవి రంగులకు మరీ ఎక్కువ చేటు చేస్తాయి. కిటికీకి, పటానికి వేసే మామూలు అద్దం వీటిలో కొన్నింటినే ఆపుతుంది, మిగిలినవి దాటి వస్తాయి. ఆ కిరణాలను ఆపే ప్రత్యేకమైన అద్దాలు, ప్లాస్టిక్ పలకలు పట్టణాల్లో దొరుకుతాయి గాని ఖరీదెక్కువ. అవి వేయించినా మామూలు వెలుతురు కూడా నెమ్మదిగా తన పని చేస్తుంది. కాబట్టి ఖరీదైన అద్దం వేసి ఎండకు ఎదురుగా తగిలించడం కంటే, మామూలు అద్దం వేసి నీడపట్టున తగిలించడమే మేలు.

చోటు ఎలా ఎంచుకోవాలి?

పటం తగిలించబోయే గోడను ఒక రోజంతా గమనించండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడ పడుతున్నదో చూడండి. ఒక్క కాలంలో చూస్తే చాలదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు గనుక దక్షిణపు కిటికీ నుండి ఎండ గది లోపలికి చాలా దూరం వస్తుంది. వేసవిలో నీడగా ఉన్న గోడే డిసెంబరు, జనవరి నెలల్లో ఎండలో ఉండవచ్చు. పెంకుటింట్లో వెలుతురు కోసం పెట్టిన గాజు పెంకు కింద కూడా పటం ఉండరాదు.

వాకిటికి ఎదురుగోడ అందరికీ కనబడే చోటు గనుక మనవారు అక్కడే పెద్ద పటం పెడతారు. దానికి బదులు వాకిలి ఉన్న గోడకే లోపలి వైపున తగిలించండి. బయటి ఎండ దాని మీద నేరుగా పడదు. గదిలో కూర్చున్నవారికి బాగానే కనబడుతుంది. ఆ వీలు లేని ఇంట్లో, ఎండ పడే గంటలో కిటికీకి తెర దించినా సరిపోతుంది.

పటం పైన ట్యూబులైటు ఆనుకొని ఉండకూడదు. ఫ్రేముకు బిగించే చిన్న బల్బు రాత్రింబగళ్లు వెలుగుతూ ఉంటే, వెలుతురు కొంచెమే అయినా గంటలు లెక్కలేనన్ని. పాతకాలపు బల్బయితే వేడి కూడా తోడవుతుంది. జ్ఞాపకార్థం వెలిగించదలచుకొంటే ఆ దినాన వెలిగించి తరువాత ఆర్పివేయండి.

వేడి, తేమ, పొగ, పురుగు

వెలుతురు తరువాతి శత్రువు వేడి. చీకట్లో ఉన్న ఫోటో కూడా వేడికి నెమ్మదిగా చెడుతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే చెడే వేగం సుమారు రెండింతలవుతుందని స్థూలంగా చెప్పవచ్చు. కాబట్టి రేకుల ఇంట్లో పైకప్పుకు దగ్గరగా పటం తగిలించవద్దు. పాత ఆల్బములను అటక మీద పెట్టవద్దు. ఇంటిలో చల్లని గది, నేల నుండి మూరెడు ఎత్తున ఉన్న బీరువా అర, వాటికి తగిన చోటు.

తేమ విషయంలో సముద్రతీరపు జిల్లాలవారు మరింత మెలకువగా ఉండాలి. వానాకాలంలో జెలటిన్ పొర తడి పీల్చి మెత్తబడుతుంది. అప్పుడు బూజు పడుతుంది, లేదా ఫోటో అద్దానికి అంటుకొంటుంది. వాన జల్లు కొట్టే గోడకు, స్నానాలగదిని ఆనుకొన్న గోడకు పటాలు వద్దు. ఏ గోడకు తగిలించినా, పటం వెనుక కింది రెండు మూలల్లో సీసా బిరడా ముక్కలు అంటించండి. గోడకు, పటానికి మధ్య వేలెడు సందు ఏర్పడి గాలి ఆడుతుంది. గోడ చెమ్మ కాగితానికి ఎక్కదు. బల్లులు, బొద్దింకలు కాపురముండకుండా ఆ సందును అప్పుడప్పుడు దులపండి.

పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ, కొవ్వొత్తి మసి ఫోటోకు మంచివి కావు. వంటగదికి ఎదురుగా ఉన్న పటం అద్దం మీద జిడ్డు పట్టడం మీరు చూసే ఉంటారు. అద్దం లేని ఫోటో అయితే ఆ జిడ్డు ముఖం మీదనే పడుతుంది. అద్దం తుడిచేటప్పుడు దాని మీద నీళ్లు చల్లవద్దు. నీరు కిందికి జారి ఫ్రేము సందులోకి పోయి ఫోటో అడుగు అంచును తడుపుతుంది. గుడ్డను కొంచెం తడిపి, గట్టిగా పిండి, దానితో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

పటం కట్టించేటప్పుడు

పటాలు కట్టే దుకాణంలో మనం ఫ్రేము అందాన్ని చూస్తాము, లోపలి సంగతి అడగము. అడగవలసినవి మూడు ఉన్నాయి.

మొదటిది, ఫోటో అద్దానికి తగలకూడదు. రెండింటి మధ్య మందపాటి అట్టతో మౌంటు పెట్టించండి. చుట్టూ తెల్లటి అంచు కనబడుతుంది, చూడడానికీ బాగుంటుంది. దాని వలన ఏర్పడే సందే ఫోటోను అంటుకుపోకుండా కాపాడుతుంది.

రెండవది, ఫోటో వెనుక న్యూస్ పేపరు, పాత అట్టపెట్టె ముక్కలు పెట్టనీయవద్దు. అలాంటి కాగితంలోని ఆమ్లం కాలక్రమాన ఫోటోకు ఎక్కి పసుపు మరకలు తెస్తుంది. ఆమ్లం లేని అట్ట కావాలని అడగండి. పట్టణాల్లో బొమ్మలు వేసేవారి సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

మూడవది, ఫోటోను జిగురుతో అట్టకు అంటించనీయవద్దు. మైదా జిగురు పురుగులను పిలుస్తుంది. గమ్ టేపు జిడ్డు కాగితంలోకి దిగుతుంది. కాగితపు మూలలు చేసి వాటిలో ఫోటో నాలుగు కొనలూ దోపితే చాలు. రేపు తీయాలంటే చిరగకుండా వస్తుంది.

ఇప్పుడు చాలాచోట్ల ఫోటో మీద ప్లాస్టిక్ పొర వేసి, వేడితో అదిమి, చెక్క పలకకు అంటించి ఇస్తున్నారు. తుడవడానికి సులువు, కొంత రక్షణ కూడా. కాని ఒకసారి అలా చేసిన ఫోటోను మరల విడదీయలేము. కొత్తగా వేయించిన ప్రతికి అలా చేయించుకోండి. ఒకే ఒక్కటిగా ఉన్న పాత ఫోటోకు ఎవరు చెప్పినా చేయించవద్దు.

ఇప్పటికే అద్దానికి అంటుకొన్న ఫోటో ఉంటే లాగవద్దు, కత్తితో గీకవద్దు. లాగితే ముఖం అద్దం మీదనే ఉండిపోతుంది. అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం మీదుగానే నకలు తీయించండి.

గోడకు నకలు, పెట్టెకు అసలు

ఇంతవరకు చెప్పినవన్నీ వెలియడాన్ని ఆలస్యం చేసే ఉపాయాలు. అసలైన కాపుదల ఒక్కటే ఉన్నది. ఒకే ప్రతి ఉన్న ఫోటోను గోడ మీద ఉంచవద్దు. దానికి నకలు తీయించి ఆ నకలును పటం కట్టించండి. అసలు ఫోటోను మంచి కాగితపు కవరులో పెట్టి, గట్టి పెట్టెలో, చీకట్లో దాచండి. నకలు వెలిసిపోతే మరొకటి వేయించుకోవచ్చు. అసలు పోతే ఇంకెవరూ తెచ్చి ఇవ్వలేరు.

నకలు స్కానరు మీద తీయిస్తే మంచిది. స్కాను చేసేవారిని 600 డిపిఐ పెట్టమని అడగండి. అలా చేస్తే తరువాత రెండింతలు పెద్దది చేయించినా ముఖం స్పష్టంగా ఉంటుంది. పాస్‌పోర్టు సైజు ఫోటో అయితే 1200 పెట్టించండి.

స్కానరు అందుబాటులో లేని ఊరిలో సెల్‌ఫోనుతోనైనా తీయండి. పటాన్ని వరండాలోకి తెచ్చి, ఎండ పడని వెలుతురులో నిలబెట్టండి. వీలైతే అద్దం తీయండి. ఫ్లాషు వేయవద్దు. ఫోను వంకరగా కాక ఫోటోకు సమంగా, ఎదురుగా పట్టుకోండి. అద్దం తీయలేకపోతే, మీ వెనుక ఇద్దరిని నల్లటి దుప్పటి పట్టుకొని నిలబడమనండి. అద్దంలో మీ వెనుకనున్న వెలుతురు మెరవదు. పిల్లలు దీనిని చక్కగా చేయగలరు. తీసిన బొమ్మను వాట్సాపులో మామూలు ఫోటోలా పంపితే చిన్నదైపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు పోతుంది.

బొమ్మ ఒక్క ఫోనులోనే ఉంటే దాచినట్లు కాదు. ఫోను పోతే అదీ పోతుంది. ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరే ఊరిలో ఉన్న అన్నదమ్ముల దగ్గర, ఒకటి విదేశంలో ఉన్న బిడ్డ దగ్గర ఉండనివ్వండి. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఇళ్లే కొట్టుకొనిపోయాయి. అటువంటి రోజున గోడ మీది పటం మిగలదు. వేరొక ఊరిలో ఉన్న ప్రతి మిగులుతుంది.

నెగెటివుల మాట కూడా చెప్పాలి. 1980లు, 90లలో ఫోటోలు కడిగించినవారి బీరువాల్లో, కవరులోపల గోధుమరంగు నెగెటివు ముక్కలు ఇప్పటికీ ఉంటాయి. పనికిరావని పారవేయవద్దు. గోడ మీది ఫోటో వెలిసిపోయినా, చీకట్లో ఉన్న నెగెటివు నుండి దానికంటే మెరుగైన ఫోటో తరచుగా వస్తుంది. వాటిని అంచులు పట్టుకొని తీయండి, వేలిముద్రలు పడనీయవద్దు. మీ పెండ్లి తీసిన స్టూడియో ఇంకా ఉంటే, పాత నెగెటివులు ఉన్నాయేమో ఒకసారి అడిగి చూడండి.

స్టూడియోలో అడగవలసిన మాటలు

కొత్త ప్రతి వేయించేటప్పుడు, “ఇది ల్యాబులో మందులతో కడిగేదా, సిరాతో అచ్చువేసేదా?” అని అడగండి. సిరాతో వేసేదయితే, “డై ఇంకా, పిగ్మెంట్ ఇంకా?” అని అడగండి. డై ఇంకు అంటే ద్రవంలో కరిగిన రంగు. చవకరకం డై ఇంకుతో వేసిన ఫోటో, అద్దం లేకుండా గాలికి, వెలుతురుకు వదిలితే కొద్ది నెలల్లోనే పాలిపోవచ్చు. నీటిచుక్క పడితే కారుతుంది. పిగ్మెంట్ ఇంకు అంటే మెత్తగా నూరిన రంగుపొడి. ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది. గోడ మీద పెట్టే ఫోటోకు ల్యాబు ప్రింటు గాని, పిగ్మెంట్ ఇంకు ప్రింటు గాని కోరండి. సంస్మరణ కూటానికి వేయించిన ఫ్లెక్సీని ఫోటోగా దాచుకొనేవారున్నారు. అది కొన్నాళ్ల కోసం చేసినది. దానిని నమ్ముకోవద్దు.

మరొక మాట. ఈ రోజుల్లో కృత్రిమ మేధతో పాత ఫోటోలను కొత్తవిగా చేసి ఇస్తున్నారు. కళ్లు మెరుస్తాయి, చర్మం నునుపవుతుంది. అయితే ఫోటోలో చెరిగిపోయిన చోట ఆ యంత్రం తన ఊహతో నింపుతుంది. అమ్మ చెంప మీది మచ్చ పోవచ్చు, పెదవుల తీరు మారవచ్చు. అందంగా ఉన్నది గాని మన అమ్మ కాదు అనిపిస్తుంది. బాగు చేయించుకోవడంలో తప్పు లేదు. కాని ముందుగా ఏమీ మార్చని స్కానును విడిగా అడిగి తీసుకోండి. ఆమెను ఎరిగిన పెద్దవారొకరికి కొత్త ఫోటో చూపించి, వారు ఔనన్న తరువాతే పటం కట్టించండి.

పేరు కూడా వెలిసిపోతుంది

ముఖం నిలిచినా, ఎవరో తెలియకపోతే ఏమి లాభం? పాత సంఘపు గ్రూపు ఫోటోలో నలుబది మంది ఉంటారు. వారిలో పది మందిని గుర్తుపట్టే ముసలమ్మ ఊరిలో ఒక్కరే మిగిలి ఉంటారు. ఆమె ఉన్నప్పుడే పక్కన కూర్చొని అడగండి. ఎడమ నుండి కుడికి వరుసగా పేర్లు రాసుకోండి. పాత కాగితపు ఫోటో అయితే వెనుక అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా రాయవచ్చు. బాల్‌పెన్ను వద్దు, దాని అచ్చు ముందువైపు ముఖాల మీద తేలుతుంది. నున్నటి ప్లాస్టిక్ వీపు ఉన్న ఫోటో మీద పెన్సిలు పడదు గనుక కవరు మీద రాసి, ఆ తరువాత ఫోటోను అందులో పెట్టండి. పేరు, ఊరు, సంవత్సరం, ఈ మూడూ చాలు.

గుడి గోడల మీది పటాలకు కూడా ఇదే వర్తిస్తుంది. శంకుస్థాపననాటి ఫోటో, మొదటి కాపరి ఫోటో వంటివి చాలా సంఘాల్లో ఒక్కొక్కటే ఉంటాయి. కమిటీవారు ఒక పూట కూర్చొని వాటిని స్కాను చేయిస్తే, అసలును బీరువాలో పెట్టి నకలును గోడకు తగిలించవచ్చు. యౌవనస్థులకు అప్పగించదగిన పని ఇది.

ఏడాదికొకసారి

ఇదంతా ఎప్పుడు చేయాలి అంటారా? మనకు దినం ఏర్పడే ఉన్నది. క్రిస్మసుకు ముందు ఇంటికి సున్నాలు, రంగులు వేయడానికి పటాలన్నీ ఎలాగూ దించుతాము. అప్పుడు ఒక్కొక్కటి తిప్పి చూడండి. బూజు ఉన్నదా, పురుగు తొలిచినదా, అద్దానికి అంటుకొన్నదా గమనించండి. వెలిసిందో లేదో అనుమానంగా ఉంటే ఫ్రేము విప్పి, చెక్క కింద దాగి ఉన్న అంచును చూడండి. వెలుతురు తగలని ఆ అంచుకు, మిగిలిన ఫోటోకు రంగు తేడా ఉంటే అది వెలిసినట్లే. వెంటనే నకలు తీయించండి. ఇంకా మిగిలి ఉన్నదానినైనా పట్టుకొంటారు.

గోడకు కొత్తగా రంగు వేసిన వెంటనే పటాలు తగిలించవద్దు. ఆయిలు పెయింటు ఆవిరి ఫోటోలకు, ముఖ్యంగా వెండితో చేసిన పాత ఫోటోలకు, హాని చేస్తుంది. సున్నం తడి కూడా అంతే. రెండు మూడు వారాలు ఆరనివ్వండి. పండుగకు గోడ బోసిగా ఉంటుందనుకొంటే రంగు పని నవంబరులోనే ముగించుకోండి. తగిలించేటప్పుడు, ఎక్కువ వెలుతురులో ఉన్న పటాన్ని నీడ గోడకు, నీడ గోడ మీది దానిని ఇటు మార్చండి. మ్యూజియమువారు కూడా బొమ్మలను ఏడాది పొడవునా ఒకే చోట ఉంచక, కొంతకాలం చూపించి కొంతకాలం చీకట్లో ఉంచుతారు.

ఈ నెలలో మీరు ఒక్క పని చేస్తే మాకు సంతోషం. మీ ఇంటిలో మరొక ప్రతి లేని ఫోటో ఏదో ఆలోచించండి. అది గోడ మీద ఉంటే ఈ ఆదివారం ఆరాధన నుండి వచ్చాక దానిని దించి, నీడలో పెట్టి ఫోనుతో నకలు తీయండి. వెనుక ఆ మనిషి పేరు రాయండి. మిగిలినవి తీరికగా చేసుకోవచ్చు.